బడి విడిచాక పంతులుగారిల్లు

కళాశాలల ప్రత్యేక సంచికలు తిరగేస్తే మొదటి పుటల్లో ఏముంటాయో చూడకుండానే చెప్పొచ్చు. పునాదిరాయి వేసిన దొరగారు, భవనం కట్టించిన రాజావారు, గుబురు మీసాలతో తలపాగాలతో వరసగా ప్రిన్సిపాళ్ళు. పర్లాకిమిడి రాజావారి విద్యాసంస్థకూ అలాంటి చరిత్ర ఉంది. గజపతుల చలవతో బడిగా సాగి, 1896లో కళాశాల అయి, ఇప్పుడు ఒడిశాలో శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాలగా నడుస్తోంది. కానీ తెలుగువాళ్ళ మధ్య ఆ సంస్థ ప్రస్తావన వస్తే రాజులూ గుర్తురారు, ప్రిన్సిపాళ్ళూ గుర్తురారు. 1880లో నెలకు ముప్పై రూపాయల జీతం మీద ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పడానికి చేరిన పదిహేడేళ్ళ కుర్రాడు గుర్తొస్తాడు. ఆయనే గిడుగు వేంకట రామమూర్తి.

వ్యావహారిక భాషోద్యమ సారథిగా ఆయన గురించి రాసినవి కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ఆగస్టు 29 వస్తే చాలు, ఊరూరా ఆయన పటానికి దండ వేస్తారు. ఆ ఉద్యమం కంటే ముందు నుంచే నడుస్తూ ఉద్యమంతోపాటు కొనసాగిన ఇంకో వ్యవహారం మాత్రం ఆ దండల కింద కాస్త మరుగున పడిపోయింది. అదే పంతులుగారి ఇంటి వ్యవహారం. ఆయన బడి సగం రాజావారి భవనంలో నడిస్తే, మిగతా సగం సొంత ఇంట్లో, సొంత ఖర్చుతో, ఇంటిల్లిపాది పాలుపంచుకోగా నడిచింది.

ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న, వంశధార ఒడ్డున ముఖలింగానికి దగ్గరున్న పర్వతాలపేటలో. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. 1875లో తండ్రికి చోడవరం బదిలీ అయింది. ఆ ఏడే విషజ్వరంతో ఆయన పోయారు. పన్నెండేళ్ళ పిల్లవాడు విజయనగరం చేరి, బంధువుల ఇంట్లో ఉండి మహారాజావారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నాడు. అక్కడ సహాధ్యాయి గురజాడ అప్పారావు. మెట్రిక్యులేషన్ అయిందో లేదో పెళ్ళీ అయిపోయింది, ఉద్యోగం వెతుక్కోవాల్సిన రోజూ వచ్చింది. పర్లాకిమిడిలో దొరికిన ముప్పై రూపాయల కొలువు అప్పుడా కుటుంబానికి పెద్ద ఆసరా.

పాఠం చెబుతూనే ఆయన ప్రైవేటుగా చదువుకుని ఎఫ్.ఏ., బి.ఏ. గట్టెక్కారు. బడి కళాశాల అయ్యాక పై తరగతులకూ పాఠం చెప్పే అర్హత వచ్చింది. చరిత్ర మేష్టారు కదా, పుస్తకంలో ఉన్నది చెప్పి ఊరుకుంటే ఎవరూ కాదనరు. ఈయన ఊరుకోలేదు. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న శాసనాల్లో ఏముందో తెలుసుకోవాలని పట్టుపట్టి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో తూర్పుగాంగ రాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాలను పరిష్కరించి ప్రకటించింది ఆయనే. అవి శక సంవత్సరం 979 నాటివి, అంటే క్రీస్తుశకం 1057 ప్రాంతానివి. కలకత్తా, మద్రాసుల్లో కూర్చున్న పండితుల సరసన ఓ మూలనున్న సంస్థానం బడిపంతులు పేరు అచ్చయింది. ఆ రాగిరేకులతో పడిన తిప్పలు తరవాత తెలుగు గొడవలో ఆయనకు అక్కరకొచ్చాయి. భాష వందల ఏళ్ళుగా ఎలా మారుతూ వచ్చిందో శాసనాల్లో కళ్ళారా చూసినవాడికి, ఫలానా శతాబ్దం దగ్గర అది ఆగిపోవాలంటే నచ్చుతుందా?

పర్లాకిమిడి మహేంద్రతనయ ఒడ్డున ఉంది. ఊళ్ళో తెలుగు, ఒరియా రెండూ వినిపిస్తాయి. 1900లో నౌపడ నుంచి సంస్థానం వేయించిన చిన్న రైలు వచ్చాక బయటి ప్రపంచంతో రాకపోకలు కాస్త సులువయ్యాయి. ఊరు దాటి రెండు అడుగులు వేస్తే కొండలు. ఆ కొండల్లో సవరలు. పోడు కొట్టుకుని బతికేవాళ్ళు, పండించినదీ అడవిలో ఏరుకున్నదీ సంతకు దించి ఉప్పూ బట్టా కొనుక్కునేవాళ్ళు. వాళ్ళ మాట సంతలో ఎవరికీ రాదు, సంతవాళ్ళ లెక్క వాళ్ళకు తెలియదు. ఆ రెండింటి మధ్యనున్న సందులో దళారులు సుఖంగా బతికారు.

సవరలకు చదువు చెప్పాలన్న కోరిక ఆ రోజుల్లో ఇంకొకరికి కలిగి ఉంటే ఏం చేసేవారు? వాళ్ళకు తెలుగో ఒరియానో నేర్పే బడి పెట్టేవారు. పంతులుగారు ముందు తాను సవర నేర్చుకున్నారు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, తిండీ బట్టా ఇచ్చి, ఏళ్ళ తరబడి ఆయన దగ్గర పాఠం చెప్పించుకున్నారు. పగలు గురువు, సాయంత్రం శిష్యుడు. వ్యాకరణ పుస్తకం లేదు, నిఘంటువు లేదు, ఆ భాషకు లిపే లేదు. ఒక్కో మాటా అడిగి, మళ్ళీ అనిపించుకుని, కాగితం మీద పెట్టుకోవాలి.

సవర ఎంత దూరపు భాషో ఒకటి రెండు సంగతులు చూస్తే తెలుస్తుంది. అది తెలుగుకూ కాదు, ఒరియాకూ కాదు, ముండా భాషలకు చుట్టం. గొంతులో ఊపిరిని టక్కున ఆపి పలికే ధ్వని ఒకటుంది, అది తెలుగు అక్షరాల్లో ఎక్కడా ఇమడదు. ‘పులి నిన్ను పట్టుకుంటుంది’ అనే మొత్తం సంగతిని, పులితో సహా, ఒక్క క్రియాపదంలో కుదించి చెప్పేస్తారు.

లెక్క మరీ తమాషా. మనం పది దాటితే పదిమీద ఒకటి, పదిమీద రెండు అని పోతాం. సవరలు పన్నెండు దాకా విడి మాటలతో లెక్కపెట్టి, పదమూడుకు పన్నెండు-ఒకటి అంటారు, పంతొమ్మిదికి పన్నెండు-ఏడు. ఇరవైకి మళ్ళీ కొత్త మెట్టు. ముప్పైతొమ్మిది అనాలంటే ఇరవై-పన్నెండు-ఏడు. ఇలా లెక్కించే పిల్లవాణ్ణి తెచ్చి తెలుగు వాచకం చేతిలో పెట్టి, ఎక్కాలు అప్పజెప్పమంటే నోరు తెరవడు. మేష్టారు వాణ్ణి మొద్దు అంటాడు. వాడేమీ మొద్దు కాదు, వాడి బుర్రలో లెక్క అప్పటికే ఉంది, అయితే దాని మెట్లు వేరు. ఈ మెట్లు కనిపెట్టి రాసిపెట్టడానికే పంతులుగారు అన్నేళ్ళు కూర్చున్నారు.

తరవాత సవర పిల్లలు ఇంటికే వచ్చారు. వాళ్ళను ఇంట్లో ఉంచుకుని, అన్నం పెట్టి, చదువు చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో, ఒక సంస్థానం ఊళ్ళో, ఒక బ్రాహ్మణ గృహస్థు ఇంట్లో ఈ పని ఎంత సాహసమో ఇప్పటివాళ్ళకు ఊహకు అందడం కష్టం. మడీ మైలా లెక్కలో ఇది చిన్న విషయం కాదు, చుట్టుపక్కల నోళ్ళు ఊరుకోవు. ఇక్కడ ఒక మాట అనుకోక తప్పదు. నిర్ణయం పంతులుగారిది, సరే. పొయ్యి ముందు కూర్చున్నది ఆయన కాదు. ఆ పిల్లల సంఖ్యను బట్టి ఎసట్లో బియ్యం పెంచుకుంటూ పోయినవాళ్ళూ, బంధువుల ముఖం చూసి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చినవాళ్ళూ ఆ ఇంటి ఆడవాళ్ళు. బిరుదుల జాబితాల్లో వాళ్ళ పేర్లుండవు. సవర విద్య చరిత్ర రాసేవాళ్ళు ఆ వంటింటికి కనీసం ఒక పేజీ అయినా కేటాయించాలి.

కొండల్లో బళ్ళూ పెట్టారు. డబ్బు ఎవరిదంటే ఆయనదే. పంతుళ్ళ జీతాలు తన జీతంలోంచే ఇచ్చుకున్నారు. వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు సవరలో తయారుచేశారు. వాటిని మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారని చెబుతారు. 1913లో రావు సాహెబ్ బిరుదు వచ్చింది, తరవాతి రోజుల్లో కైజర్-ఇ-హింద్ పతకమూ వచ్చింది. బిరుదుకు ఖర్చులేదు కాబట్టి ప్రభుత్వాలు బిరుదులు ధారాళంగానే ఇస్తాయి.

ఆ కొండల్లో తిరిగినందుకు ఇంకో మూల్యం చెల్లించారు. ఏజెన్సీ మలేరియా ఎవర్నీ వదలదు. జ్వరానికి అప్పట్లో ఉన్న మందు క్వినైన్. పంతులుగారు మోతాదు మించి వాడారు, వినికిడి పోయింది. మాటను చెవితో విని రాసుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడం! ఇంకొకరైతే అంతటితో మూటకట్టి అటక మీద పడేసేవారు.

ఇక్కడే కుటుంబం మళ్ళీ కనిపిస్తుంది. పెద్దకొడుకు సీతాపతి 1885లో పుట్టారు. తండ్రి సవర పాఠం మొదలుపెట్టిన రోజుల్లో ఆయన చిన్నపిల్లవాడు. ఇంట్లో సవర మాట వింటూ, సవర పిల్లలతో కలిసి పెరిగారు. పెద్దయ్యాక తండ్రి పనిలో కుడిభుజం అయ్యారు. సవర పాటల మీదా కథల మీదా స్వయంగా పనిచేశారు. తండ్రి నేర్చుకున్న భాష కొడుక్కి ఇంటిభాషల్లో ఒకటయిందంటే, ఇల్లే బడి కావడం అంటే ఏమిటో తెలుస్తుంది.

ముప్పై అయిదేళ్ళ శ్రమ చివరికి పుస్తకాలయింది. ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. అప్పటికి పంతులుగారికి డెబ్భై అయిదేళ్ళు. ముండా భాషల మీద ఎవరు పనిచేసినా, ఏ దేశంవాడైనా, ఆ రెండు పుస్తకాలను తిరగేయకుండా ముందుకు కదలలేడు. విశ్వవిద్యాలయంలో ఒక్కరోజు కూడా భాషాశాస్త్రం చదవని మనిషి, పోస్టులో పుస్తకాలు తెప్పించుకుని చదివి సాధించిన ఫలితం అది.

తెలుగు సంగతికి వస్తే, అదీ బళ్ళోనే మొదలైంది. 1906-07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల్లో బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర తెలుగు నేర్చుకోబోయి తికమకపడ్డాడు. పుస్తకంలో ఒక తెలుగు, బజారులో ఇంకో తెలుగు. ఇదేమిటని మేష్టర్లను నిలదీశాడు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు ఈ ప్రశ్నను పట్టుకున్నారు. తరవాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. స్కూలు ఫైనలులో వ్యాసం వాడుక భాషలో రాయవచ్చునని 1912-13లో అనుమతి దొరికింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన ఎదురు నిలిచారు, ఆ అనుమతి నిలవలేదు. 1915లో గురజాడ పోయారు. పోరు దాదాపుగా గిడుగు ఒక్కరి భుజాల మీద పడింది. 1919లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కొద్ది నెలలకే వీరేశలింగం గారూ వెళ్ళిపోయారు.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. చాలామంది దీన్ని కవుల గొడవగానో పండితుల గొడవగానో చూస్తారు. గిడుగు దృష్టిలో అది పిల్లల గొడవ. సవర పిల్లవాడికి తెలుగు వాచకం ఎంత పరాయిదో, తెలుగు పిల్లవాడికి గ్రాంథిక వాచకమూ కొంత అంత పరాయిదే అన్నది ఆయన ఇంట్లో తేలిన సత్యం. ముందు కొండ పిల్లల దగ్గర నేర్చుకున్నది తరవాత పల్లం పిల్లల కోసం వాడారు.

1911లో, ముప్పై ఏళ్ళ నౌకరీ తరవాత, ఇష్టపూర్వకంగానే ఉద్యోగం వదిలేశారు. విశ్రాంతికని కాదు. ఊరూరా తిరిగి వాదించడానికి సెలవులు చాలడం లేదు మరి. 1919-20లో ‘తెలుగు’ అనే మాసపత్రిక పెట్టి ఏడాది నడిపారు. దానికీ చేతి డబ్బే. వాదనలో ఆయన పద్ధతి భలే ఉండేది. ప్రతిపక్షం గ్రాంథికమే శుద్ధమంటే, ఆ ప్రతిపక్ష పండితుల పుస్తకాలే ముందు పెట్టి, వాళ్ళు పెట్టుకున్న నియమాలనే వాళ్ళెక్కడెక్కడ తప్పారో పుటల లెక్కన చూపించేవారు. ఆ పైన పూర్వకవుల నుంచి ఉదాహరణలు కుమ్మరించేవారు. 1925లో తణుకులో జరిగిన సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలసేపు ఇలా ఉదాహరణలతో మాట్లాడారని చెబుతారు. వినికిడి లేకపోవడం అలాంటి చోట ఒకందుకు మేలే చేసి ఉంటుంది. మధ్యలో ఎవరేమంటున్నా ఆగాల్సిన పని లేదు!

పట్టుదల ఎక్కువన్నది నిజమే. ‘బాలవ్యాకరణ గర్హణం’, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ – శీర్షికల్లోనే కారం తెలుస్తుంది. కొన్నిచోట్ల ఎదుటి పండితుడి చిన్న పొరపాటుకు పెద్ద శిక్ష వేశారనిపిస్తుంది. ఇంటికొచ్చిన సవర పిల్లల దగ్గర అంత ఓర్పు చూపిన మనిషి, సభలో ఆ ఓర్పులో పదో వంతు చూపలేదు. మేష్టర్లలో ఇది కొత్తేమీ కాదు. పిల్లవాడు తప్పు చేస్తే నేర్పుతారు, సాటి మేష్టారు తప్పు చేస్తే ఉతికి ఆరేస్తారు.

శిష్యుల్లో తాపీ ధర్మారావు ఉన్నారు. బరంపురంలో పుట్టి పర్లాకిమిడిలో చదువుకుంటూ పంతులుగారి చేతికి చిక్కారు. తరవాత మద్రాసులో పత్రికాసంపాదకులై, ‘జనవాణి’ని పూర్తిగా వాడుక తెలుగులో నడిపారు. గురువు సభల్లో నాలుగేసి గంటలు వాదించిన విషయాన్ని, శిష్యుడు వాదం జోలికి పోకుండా రోజువారీ వార్తల్లో చేసి చూపించారు.

1933లో రాజమండ్రిలో పంతులుగారి డెబ్భయ్యో పుట్టినరోజు పండగలా చేశారు. ఆ సందర్భంగా 46 పరిశోధన వ్యాసాలతో ‘వ్యాస సంగ్రహము’ అచ్చువేసి ఆయనకు సమర్పించారు. సంపాదకుల్లో విశ్వనాథ సత్యనారాయణ ఉండటం విశేషం. భాష విషయంలో విశ్వనాథవారు గిడుగు మనిషేమీ కాదు. అప్పటి పెద్దల తగువులకు అలాంటి మర్యాద ఒకటుండేది.

మూడేళ్ళు తిరక్కుండానే ఇల్లు వదలాల్సి వచ్చింది. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం చేస్తున్నప్పుడు పర్లాకిమిడిని అందులో కలపాలని మహారాజా కృష్ణచంద్ర గజపతి ప్రయత్నించారు. పంతులుగారు ఎదిరించారు. ముప్పై ఏళ్ళు ఎవరి సంస్థలో జీతం తీసుకున్నారో వాళ్ళకే ఎదురు నిలవడమంటే తేలిక కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది, పర్లాకిమిడి అందులో చేరింది. ఆ రోజే ఆయన ఊరు విడిచి రాజమండ్రి దారి పట్టారు. డెబ్భై మూడో ఏట, చెవులు వినపడని మనిషి, యాభై ఆరేళ్ళ కాపురాన్ని కట్టుకుని కదిలారు. ఆ ఇంట్లో సవర మాట నేర్పినవాడు, నేర్చుకున్న పిల్లలు, నిఘంటువు కాగితాలు, కొడుకుల పెళ్ళిళ్ళు, అన్నీ జరిగిపోయి ఉన్నాయి. రాజమండ్రిలోనూ పని ఆగలేదు. నిఘంటువు బయటికొచ్చింది అక్కడున్నప్పుడే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ ఇచ్చింది.

1940 జనవరి 15న మద్రాసులో, గూడవల్లి రామబ్రహ్మంగారి ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో పత్రికాసంపాదకుల ముందు పంతులుగారు చివరిసారి మాట్లాడారు. పత్రికలు వాడుక భాషలోకి రావాలని కోరారు. వారం రోజుల్లో, 22న, కన్నుమూశారు.

సీతాపతిగారు ఆ తరవాత దాదాపు మూడు దశాబ్దాలు బతికారు. తండ్రి కంటే సరదా మనిషి. రామబ్రహ్మంగారి ‘రైతుబిడ్డ’ సినిమాలో వేషం కూడా వేశారు! పిల్లలకు పాటలు రాశారు. తెలుగు భాషా సమితి విజ్ఞాన సర్వస్వానికి పనిచేశారు. ఇంగ్లీషులో రాసిన తెలుగు సాహిత్య చరిత్రను కేంద్ర సాహిత్య అకాడెమీ 1968లో ప్రచురించింది, మరుసటి ఏడు ఆయన పోయారు.

సవర పిల్లల సంగతి ప్రభుత్వానికి మళ్ళీ గుర్తు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో సవర ఒకటి. అప్పటి శ్రీకాకుళం జిల్లా సీతంపేట కొండల్లోని బళ్ళకు తెలుగు లిపిలో సవర వాచకాలు వెళ్ళాయి, తరవాత ఒడిశాలోనూ అలాంటి బళ్ళు వచ్చాయి. మొదటి తరగతుల్లో సొంత మాటతో మొదలుపెట్టి నాలుగైదు తరగతులకు తెలుగుకు మళ్ళించే పద్ధతి అది. వాచకాలు అచ్చువేయడం ఒక ఎత్తయితే, సవర వచ్చిన పంతుళ్ళను వెతికి ఆ కొండ బళ్ళలో నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఆ రెండో పని కోసమే పర్లాకిమిడి పంతులుగారు తన జీతంలోంచి ఇంకొకరికి జీతం ఇచ్చేవారు.